పిడి ఉన్న నూనె



హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్లే జాతీయ రహదారి పాలమూరు మీదుగా పోతుంది. వానలు పడ్డాక ఆ దారికి అటూ ఇటూ చెల్కల్లో అక్కడక్కడా ఆముదం చేలు కనిపిస్తాయి. వెడల్పాటి ఆకులు, ఎర్రటి కాడలు, ముళ్ల కాయలతో నిండిన గెలలు. ఆ రోడ్డు మీదే రాత్రీ పగలూ లారీలు తిరుగుతుంటాయి. పెద్ద లారీకి బ్రేకు వేసేది గాలి ఒత్తిడి. ఆ గాలిని చక్రాల దాకా మోసుకెళ్లేవి సన్నటి గొట్టాలు. వాటిలో చాలా వాటిని నైలాన్‌తో చేస్తారు. ఆ నైలాన్లలో ఒక రకం ఉంది. దాని పేరు నైలాన్ 11. అందులో ఉన్న కర్బనమంతా ఆముదం గింజల నుంచి వచ్చిందే. చమురు బావితో దానికి సంబంధం లేదు.

అవును, ఆముదమే. పసిపిల్లల మాడుకు అంటే ఆముదం. కడుపు శుభ్రం కావడానికి ముక్కు మూసుకుని తాగే ఆముదం. మొహం చిట్లించినవాణ్ణి చూసి ‘ఆముదం తాగినట్టున్నావేం’ అని ఆటపట్టిస్తారే, ఆ ఆముదం. దాని నుంచి లారీ బ్రేకు గొట్టం ఎలా వచ్చింది? మందుల కంపెనీలు, చాక్లెట్ల కంపెనీలు, అత్తరు కంపెనీలు దాన్ని ఎందుకు కొంటున్నాయి? పొలంలో పండిన పంట కర్మాగారానికి ముడిసరుకు కావడమంటే ఏమిటి? ఈ పూట ప్రసంగం దాని గురించే.

ముందుగా అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం. కరెంటు కావాలంటే ఇప్పుడు ఎండ ఉంది, గాలి ఉంది, నీరు ఉంది. బొగ్గు కాల్చకుండా బల్బు వెలిగించవచ్చు. కానీ ప్లాస్టిక్కు బకెట్టు సంగతేమిటి? రంగులు, జిగురులు, సబ్బులు, మందులు, టైర్లు, దారాలు... వీటి సంగతేమిటి? ఇవన్నీ కర్బనంతో కట్టిన వస్తువులు. సోలారు పలకలో నుంచి కరెంటు వస్తుంది కానీ కర్బనం రాదు. ఆ కర్బనం ఎక్కడో ఒక చోటి నుంచి తేవాలి. ఇవాళ అందులో సింహభాగం చమురు శుద్ధి కర్మాగారాల్లో వచ్చే నాఫ్తా నుంచి, సహజవాయువు నుంచి, కొన్ని దేశాల్లో బొగ్గు నుంచి వస్తోంది. ఇవన్నీ తవ్విన కొద్దీ తరిగేవే.

రెండో దారి మొక్క. మొక్క గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి, ఎండ సాయంతో పిండి చేస్తుంది, చక్కెర చేస్తుంది, నార చేస్తుంది, నూనె చేస్తుంది. ఏటా మళ్లీ మొలుస్తుంది. కాబట్టి కర్మాగారానికి కావలసిన కర్బనాన్ని పొలం నుంచి తీసుకోవచ్చు. ఈ ఆలోచన కొత్తది కాదు. చమురు యుగానికి ముందు లోకం నడిచిందే ఇలా. రంగుకు నీలిమొక్క, వార్నిషుకు లక్క, గోనెకు జనుము, దీపానికి ఆముదం.

అయితే ఒక మాట గుర్తుంచుకోవాలి. మొక్క ఇచ్చేదంతా ఒకే విలువ ఉన్నది కాదు. కొన్ని పదార్థాలు కాల్చడానికి మాత్రమే పనికొస్తాయి. కొన్నింటిలో మాత్రం మొక్క ముందే ఎంతో పని చేసిపెట్టి ఉంటుంది. ఆ పనిని కర్మాగారంలో మళ్లీ చేయాలంటే బోలెడు ఖర్చు. అలాంటి పదార్థాన్ని పొయ్యిలో పోయడం దండగ. ఆముదం అలాంటిదే.

ఏమిటా పని? కాస్త రసాయన శాస్త్రం చెప్పుకోవాలి. భయపడకండి, కొంచెమే.

నూనెలన్నింటిలోనూ పొడవాటి కర్బన గొలుసులు ఉంటాయి. వేరుశనగ నూనె, పామాయిలు, పొద్దుతిరుగుడు నూనె, ఏదైనా అంతే. వంటనూనెల్లో ఎక్కువ భాగం పదహారు, పద్దెనిమిది కర్బనాల గొలుసులు. ఆ గొలుసు ఒక కొస తప్ప మిగతా పొడవునా చాలావరకు నున్నగా ఉంటుంది. పొయ్యి మీద కాగుతున్న గిన్నెను దించాలంటే పిడి ఉండాలి కదా. నున్నటి గిన్నెను ఎక్కడ పట్టుకుంటారు? రసాయన శాస్త్రవేత్తకూ అదే ఇబ్బంది. నున్నటి గొలుసుకు ఇంకో అణువును తగిలించాలంటే పట్టు దొరకదు.

ఆముదం గొలుసులోనూ పద్దెనిమిది కర్బనాలే. కానీ దాని పన్నెండో కర్బనం దగ్గర ఒక ఆక్సిజను, ఒక హైడ్రోజను కలిసి అంటుకుని ఉంటాయి. అదీ పిడి. దానికి కొంచెం ఇవతల, తొమ్మిదికీ పదికీ మధ్య, రెండు ముళ్లతో కట్టిన బంధం ఒకటి ఉంటుంది. ఈ రెంటికీ మధ్య గొలుసును తుంచవచ్చు. అంటే పట్టుకోవడానికి పిడి ఉంది, విరవడానికి చోటు ఉంది. ఈ ఆమ్లం పేరు రిసినోలిక్ ఆమ్లం. ఆముదంలో నూటికి 85 నుంచి 90 పాళ్లు ఇదే. పెద్దఎత్తున పండే ఇంకే నూనెగింజలోనూ ఇది ఇంత మోతాదులో దొరకదు.

మరోసారి చెప్పుకుందాం. మిగతా నూనెలకు పిడి లేదు. ఆముదానికి ఉంది. ఇక ముందు వచ్చే కథంతా ఈ పిడి చుట్టూ తిరిగేదే.

ఆ పిడి ఉందని తెలియని రోజుల్లోనే మనుషులు దాని గుణాన్ని వాడుకున్నారు. ఆముదం చిక్కగా ఉంటుంది, జిగటగా ఉంటుంది, నిదానంగా జారుతుంది. దీని వెనుక ఉన్నది కూడా ఆ పిడే. ఒక అణువు పిడిని పక్క అణువు పట్టుకుంటుంది. అందుకే అంత చిక్కదనం. ఈజిప్టు వాళ్లు దీన్ని దీపాలకు వాడతారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రెండున్నర వేల ఏళ్ల కిందట రాశాడు. తెలుగు ఇళ్లలోనూ కిరసనాయిలు వచ్చే దాకా ఆముదం దీపాలే. గింజల్ని వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను తీసి వంటాముదం చేసేవారు. అదే పిల్లల ఒంటికి, అదే బాలింత పథ్యానికి, అదే ఎడ్లబండి ఇరుసుకు.

ఇరుసు నుంచి విమానానికి పెద్ద దూరం లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎగిరిన చాలా విమానాలకు రోటరీ ఇంజన్లు ఉండేవి. ఆ ఇంజన్లో సిలిండర్లు కూడా ప్రొపెల్లరుతో పాటు గిరగిర తిరుగుతాయి. పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమం ఇంజను లోపలి గది గుండానే సిలిండర్లలోకి పోతుంది. మామూలు ఖనిజ నూనె పోస్తే పెట్రోలు దాన్ని కడిగేస్తుంది. ఆముదం పెట్రోలులో సులువుగా కరగదు. అందుకని ఆ ఇంజన్లకు ఆముదమే పోశారు. అలా పోసిన నూనె ఇంజన్లో నిలవదు. పొగతో పాటు బయటికి చిమ్మి పైలట్ మొహం మీద పడేది. ఆ పొగ పీల్చి పైలట్ల కడుపులు చెడేవని అప్పట్లో కథలు కథలుగా చెప్పుకునేవారు. ఆముదం గురించి తెలిసిన మన శ్రోతలకు అందులో ఆశ్చర్యం ఉండదు.

ఇంజను నూనెల దుకాణాల్లో ఇవాళ్టికీ క్యాస్ట్రాల్ అనే పేరు కనిపిస్తుంది. లండన్‌లో 1899లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ పెట్టిన కంపెనీ అది. 1909లో ఆముదం కలిపిన ఒక కొత్త ఇంజను నూనెను తెచ్చి, ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న క్యాస్టర్ అనే పేరు మీదుగా దానికి క్యాస్ట్రాల్ అని పెట్టారు. తర్వాత ఖనిజ నూనెలు మెరుగయ్యాయి, చవకయ్యాయి. పేరు మిగిలింది, ఆముదం పోయింది.

అంతటితో ఆముదం పని అయిపోయిందనే అనిపించింది. కానీ ఫ్రాన్సులో ఇంకో కథ మొదలైంది.

1930లలో అమెరికాలో డుపాంట్ కంపెనీ శాస్త్రవేత్త వాలెస్ కరోదర్స్ నైలాన్ కనిపెట్టాడు. దాని ముడిసరుకు బొగ్గు నుంచీ చమురు నుంచీ వచ్చే రసాయనాలు. ఆ వార్త విన్న ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తల్లో జోసెఫ్ జెల్ట్‌నర్ అనే ఆయన ఉన్నాడు. ఆముదం గొలుసును విరిస్తే పదకొండు కర్బనాల ముక్క వస్తుందని అప్పటికే తెలుసు. ఆ ముక్కతో నైలాన్ ఎందుకు కట్టకూడదని ఆయన 1938లో ఆలోచించాడు. తర్వాత మరికొందరు కలిసి దాన్ని పరిశ్రమ స్థాయికి తెచ్చారు. నార్మండీ ప్రాంతంలో రీల్ అనే నది ఒడ్డున కర్మాగారం వెలిసింది. ఆ నది పేరు మీదే ఆ నైలాన్‌కు రిల్సాన్ అని పేరు పెట్టారు. ఆర్కేమా అనే ఫ్రెంచి కంపెనీ దాన్ని ఇప్పటికీ తయారుచేస్తోంది. 2022లో సింగపూర్‌లో కూడా కొత్త కర్మాగారం నడపడం మొదలుపెట్టింది.

ఈ నైలాన్ తయారయ్యే తీరు ఇది. ఆముదాన్ని మిథనాల్‌తో కలిపి తేలికపరుస్తారు. ఆ ద్రవాన్ని సుమారు 500 డిగ్రీల వేడిలో క్షణకాలం ఉంచుతారు. గొలుసు విరుగుతుంది. ఎక్కడ పడితే అక్కడ విరగదు. పిడికీ రెండు ముళ్ల బంధానికీ మధ్యనే విరుగుతుంది. ఒక పక్క పదకొండు కర్బనాల ముక్క, ఇంకో పక్క ఏడు కర్బనాల ముక్క. పదకొండు ముక్కకు చివర నత్రజని తగిలిస్తారు. అలాంటి ముక్కల్ని వరసగా కలుపుకుంటూ పోతే నైలాన్ 11.

ఈ నైలాన్ నీటిని పెద్దగా పీల్చదు. చలికి పెళుసుబారదు. పెట్రోలుకు, నూనెలకు చెక్కుచెదరదు. అందుకే లారీల గాలి బ్రేకు గొట్టాలు, కార్లలో ఇంధనం పోయే గొట్టాలు దీనితో చేస్తారు. సముద్రం అడుగు నుంచి ముడిచమురును పైకి తెచ్చే వంగే పైపుల్లోనూ దీని పొర ఉంటుంది. చూశారా, చమురు తోడే పైపుకు ఆముదం కావలసి వచ్చింది. స్కీయింగ్ బూట్లు, ఆటగాళ్ల బూట్ల అట్టలు చేసే రకాలూ ఈ కుటుంబంలో ఉన్నాయి.

మరి ఆ రెండో ముక్క, ఏడు కర్బనాల ముక్క? దాన్ని పారేయరు. దాని పేరు హెప్టనల్. దానికి బాదంపప్పు వాసన వచ్చే ఇంకో రసాయనం కలిపితే మల్లెజాతి పువ్వుల పరిమళం వస్తుంది. సబ్బుల్లో, అత్తర్లలో వచ్చే మల్లెల గుబాళింపు చాలాసార్లు పువ్వులది కాదు, ఈ రసాయనానిది. ఆముదం వాసనంటేనే ముక్కు మూసుకునే మనిషి, స్నానం చేసి మల్లెల వాసనతో బయటికి వస్తే, అందులో కూడా ఆముదం ఉండి ఉండవచ్చు.

ఆముదాన్ని ఇంకోలా కూడా విరవవచ్చు. కాస్టిక్ సోడా వేసి బాగా వేడి చేస్తే పది కర్బనాల సెబాసిక్ ఆమ్లం వస్తుంది. దాని నుంచి ఇంకో రకం నైలాన్ చేస్తారు. బ్రష్షుల కుచ్చులకు అది పనికొస్తుంది. చైనా ఈ ఆమ్లాన్ని పెద్ద మోతాదులో తయారుచేస్తోంది. భారతదేశం నుంచి ఆముదం ఎక్కువగా కొనే దేశాల్లో చైనా ముందుండటానికి అదొక కారణం.

అసలు విరవకుండానే వాడుకునే దారులు ఇంకా ఉన్నాయి. ఆముదానికి హైడ్రోజను ఎక్కిస్తే మైనంలా గట్టిపడుతుంది. అందులో నుంచి తీసిన ఆమ్లానికి లిథియం కలిపితే గ్రీజు తయారవుతుంది. మోటారు మెకానిక్కు బేరింగులో పూసే గ్రీజు ఎక్కువగా ఈ జాతిదే. నూరేళ్ల కిందట ఎడ్లబండి ఇరుసుకు పూసిన ఆముదం, కొంత మారిన రూపంలో, ట్రాక్టరు చక్రానికీ చేరిందన్నమాట. ఖనిజ నూనె దాన్ని ఇంజన్లోంచి తరిమేసినా, గ్రీజులోంచి తరమలేకపోయింది. కారణం మళ్లీ ఆ పిడే. పన్నెండో కర్బనం దగ్గరి పట్టు వల్లే గ్రీజులోని సన్నటి పోగులు ఒకదాన్నొకటి అల్లుకుని నూనెను జారిపోకుండా పట్టి ఉంచుతాయి.

చాక్లెట్ రేపర్ మీద చిన్న అక్షరాల్లో ఎమల్సిఫయర్ 476 అని ఎప్పుడైనా చూశారా? అది కూడా ఆముదం సంతానమే. కరిగిన చాక్లెట్ అచ్చుల్లోకి సాఫీగా జారడానికి దాన్ని రవ్వంత వేస్తారు. క్యాన్సరుకు ఇచ్చే పాక్లిటాక్సెల్ మందు నీళ్లలో కరగదు. దాన్ని కరిగించి నరంలోకి ఎక్కించడానికి ఆముదం నుంచి చేసిన ఒక ద్రావకం వాడుతూ వచ్చారు. ఆ ద్రావకం కొందరికి పడదు. అందుకే ఎక్కించే ముందు అలర్జీ రాకుండా మందులు ఇస్తారు. బట్టల మిల్లుల్లో రంగు బాగా పట్టడానికి వాడే టర్కీ రెడ్ ఆయిల్ కూడా గంధకామ్లంతో మార్చిన ఆముదమే. సబ్బు తర్వాత మనిషి తయారుచేసిన తొలి తొలి శుభ్రకారకాల్లో దాన్ని లెక్కిస్తారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. గొట్టం, గ్రీజు, చాక్లెట్, అత్తరు, మందు. ఇన్నింటికీ మూలం ఒకే పిడి. ఆ పిడిని మొక్క ఎండలో నిలబడి ఉచితంగా చేసిపెట్టింది.

ఇప్పుడు ఇంధనం సంగతి. పంటనూనెలతో డీజిలు చేయవచ్చు కదా, ఆముదంతో ఎందుకు చేయకూడదు? ఈ ప్రశ్న బ్రెజిల్ వేసుకుంది. 2004 చివర్లో అక్కడి ప్రభుత్వం బయోడీజిల్ కార్యక్రమం మొదలుపెట్టింది. ఈశాన్య బ్రెజిల్ కరవు సీమ. అక్కడి చిన్న రైతులతో ఆముదం పండించి, ఆ నూనెతో డీజిలు చేయాలని, వాళ్ల చేతుల్లో నాలుగు డబ్బులు ఆడాలని సంకల్పం. ఉద్దేశం మంచిది. కానీ ఆముదంతో చేసిన డీజిలు మరీ చిక్కన. ఇంజన్ల ప్రమాణాలకు ఒంటరిగా సరిపోలేదు. రెండోది ధర. రసాయన కంపెనీలు డీజిలు కంటే ఎక్కువ ధర పెట్టి ఆముదం కొంటుంటే, దాన్ని కాల్చేదెవరు? బయోడీజిల్ కోసమని రైతుల దగ్గర సేకరించిన ఆముదాన్ని చివరికి రసాయన పరిశ్రమకే అమ్ముకోవలసి వచ్చింది. బ్రెజిల్ బయోడీజిలు సోయా నూనె మీద నడిచింది.

భారతదేశం ఇంకో చెట్టును నమ్ముకుంది. జట్రోఫా. తెలుగువాళ్లు అడవి ఆముదం అనే మొక్క. ఆముదానికి దూరపు చుట్టమే కానీ ఆముదం కాదు. 2000ల తొలి సంవత్సరాల్లో బంజరు భూముల్లో దీన్ని నాటితే డీజిలు కొరత తీరుతుందని దేశమంతా ఉత్సాహం పుట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ నాటారు. నీళ్లు లేని నేలలో చెట్టు బతుకుతుంది, నిజమే. కానీ నీళ్లు లేకుండా కాయ కాయదు. ఆ నూనెకు ఆముదానికి ఉన్నట్టు పిడీ లేదు, ప్రత్యేకమైన గిరాకీ లేదు. కాల్చడానికి తప్ప పెద్దగా పనికిరాని నూనెను తక్కువ దిగుబడితో పండించి రైతు ఎలా బతుకుతాడు?

మొక్కల నుంచి ఇంధనం రానే రాదని దీని అర్థం కాదు. ఏది కాల్చాలో చూసుకోవాలి. హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ 2022లో ఒక కర్మాగారం ప్రారంభించింది. వరిగడ్డి నుంచి ఇథనాల్ చేయడం దాని పని. పంజాబు, హర్యానా రైతులు పొలంలోనే తగలబెట్టే గడ్డిని కొని, ఎంజైములతో చక్కెరగా విరిచి, పులియబెట్టి ఇథనాల్ తీయాలి. ఏడాదికి రెండు లక్షల టన్నుల గడ్డితో మూడు కోట్ల లీటర్ల ఇథనాల్ అని లక్ష్యం పెట్టుకున్నారు. చక్కెర మిల్లులు చెరుకు పిప్పిని బాయిలర్లో వేసి కరెంటు చేసుకోవడం మన కోస్తాలో ఏనాటి నుంచో చూస్తున్నదే. గడ్డి, పిప్పి, ఊక, కట్టె: ఇవి కాల్చదగినవి. ఆముదం చేనులోనూ అలాంటివి ఉన్నాయి. గెలలు కోశాక మిగిలే కంప, గింజ వొలిచాక మిగిలే పొట్టు. పల్లెల్లో ఆ కంప పొయ్యిలోకే పోయేది.

నూనె పిండాక చెక్క మిగులుతుంది. దాని గురించి ఒక హెచ్చరిక. ఆముదం గింజలో రిసిన్ అనే మాంసకృత్తు ఉంది. అది ఘోరమైన విషం. 1978లో లండన్‌లో గెయోర్గి మార్కోవ్ అనే బల్గేరియా రచయితను చంపింది ఈ విషమే. గుండుసూది తల అంత గుళికను ఆయన కాలిలోకి దిగేలా చేశారు. నూనె పిండేటప్పుడు రిసిన్ నూనెలోకి రాదు. చెక్కలోనే ఉండిపోతుంది. అందుకే ఆముదం చెక్కను ఎరువుగా చేలో వేస్తారు కానీ గొడ్లకు పెట్టరు. ఇంట్లో పిల్లలుంటే గింజలు అందకుండా చూడాలి. మచ్చలతో చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, నోట్లో పెట్టుకుంటే ప్రమాదం. విషం తక్కువగా ఉండే రకాల కోసం శాస్త్రవేత్తలు పనిచేస్తున్నారు. అవి రైతు దాకా వస్తే చెక్క విలువ పెరుగుతుంది.

ఇంకో సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. మొక్క నుంచి వచ్చిన ప్లాస్టిక్కు మట్టిలో కలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. అన్నీ కలవవు. నైలాన్ 11 మట్టిలో కుళ్లదు. దాని గొప్పతనమే మన్నిక. ఏళ్ల తరబడి నూనెలో, ఉప్పునీళ్లలో ఉండాలని చేసిన పదార్థం అది. ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక ప్రశ్న. ఎటు పోతుందన్నది ఇంకో ప్రశ్న. రెంటినీ కలపకూడదు. తయారీలో వేడి కావాలి, అమ్మోనియా కావాలి. అవి ఇవాళ ఎక్కువగా సహజవాయువు మీద, బొగ్గు మీద ఆధారపడినవే. ఆముదం వాడినంత మాత్రాన కర్మాగారం ఆకుపచ్చబడదు. వాడిన గొట్టాన్ని కరిగించి మళ్లీ వాడటం, కర్మాగారానికి వచ్చే కరెంటును మార్చుకోవడం... అవి వేరే పనులు. వాటినీ చేయవలసిందే.

ఇప్పుడు పొలానికి వెళ్దాం. ప్రపంచంలో పండే ఆముదం గింజల్లో నూటికి 80కి పైగా భారతదేశానివే. దేశంలో పండే దాంట్లో ఐదింట నాలుగు వంతులు గుజరాత్‌ది. ఒకప్పుడు తెలుగు నేలలోనూ లక్షల ఎకరాల్లో ఆముదం ఉండేది. పాలమూరు, నల్లగొండ, కర్నూలు, అనంతపురం, ప్రకాశం. చెల్కల్లో, మెట్టల్లో, వాన మీద ఆధారపడి వేసేవారు. కందితో కలిపి వేసేవారు. నాగర్‌కర్నూల్ మార్కెట్‌కు బస్తాలు బస్తాలు వచ్చేవి. ఇప్పుడా విస్తీర్ణం బాగా తగ్గిపోయింది. ఎందుకని?

గుజరాత్‌లో ఆముదానికి నీళ్లు పెడతారు. 1968లోనే అక్కడ ఆముదంలో తొలి హైబ్రిడ్ విడుదలైంది. ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటి హైబ్రిడ్లు వచ్చాయి. ఆగస్టులో విత్తి, చలికాలమంతా విడతలు విడతలుగా గెలలు కోస్తారు. గింజ కొనే మిల్లు, నూనె శుద్ధి చేసే కర్మాగారం, ఎగుమతి చేసే ఓడరేవు, అన్నీ దగ్గరే. తెలుగు రైతు చెల్కలో, ఒకటి రెండు వానల నమ్మకం మీద వేస్తాడు. దిగుబడి గుజరాత్ పంటలో సగం కూడా రావడం కష్టం. పైగా ఇక్కడ వానాకాలంలో ఇద్దరు శత్రువులు. ఒకటి దాసరి పురుగు. నామాల పురుగనీ అంటారు. మంద దిగితే ఆకు ఈనె కూడా మిగలదు. రెండోది బూజు తెగులు. గెల వేసే వేళకు ముసురు పట్టిందంటే కాయల మీద బూడిదరంగు బూజు కమ్ముకుంటుంది. 1980లలో ఆ తెగులు ఇక్కడి పంటను చావుదెబ్బ తీసింది. ఆ పైన 2002లో బీటీ పత్తి వచ్చింది. చెల్కలు పత్తికి మారాయి.

అయితే పరిశోధన ఆగలేదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ ఉంది. ఆముదం మీద దేశవ్యాప్త పరిశోధనకు అదే కేంద్రం. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. క్రాంతి, హరిత, కిరణ్ వంటి రకాలు అక్కడివే. ఈ శాస్త్రవేత్తలు కొంతకాలంగా రైతులకు చెబుతున్న మాట యాసంగి ఆముదం. వానలు వెనక్కి వెళ్లాక, అక్టోబరు ప్రాంతంలో విత్తితే ముసురు బెడద ఉండదు. బూజు తెగులు తగ్గుతుంది. దాసరి పురుగు తాకిడీ తక్కువ. నీరు కొంచెం పెట్టాలి. కానీ వరికి పెట్టే నీటిలో చిన్న భాగం చాలు. బోరు నీళ్లు అంతంతమాత్రంగా ఉన్న రైతు యాసంగిలో వరి వేసి ఎండబెట్టుకునే కంటే ఇది మేలని వాళ్ల వాదన.

గుజరాత్‌లో ఇంకో ప్రయత్నం జరుగుతోంది. 2016లో ప్రగతి అనే పేరుతో ఒక కార్యక్రమం మొదలైంది. నైలాన్ చేసే ఆర్కేమా, జర్మనీ రసాయన కంపెనీ బీఏఎస్ఎఫ్, ఆముదం శుద్ధి చేసే మన దేశపు జయంత్ ఆగ్రో, సాలిడారిడాడ్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి దీన్ని నడుపుతున్నాయి. మంచి విత్తనం, నీటి పొదుపు, మందు కొట్టేటప్పుడు జాగ్రత్తలు రైతులకు నేర్పుతున్నారు. కంపెనీలకు ఇందులో స్వార్థం ఉంది. ముడిసరుకు మొత్తం దాదాపు ఒకే దేశం నుంచి, అందులోనూ ఒకే రాష్ట్రం నుంచి వస్తోంది. అక్కడ వాన తప్పితే ప్రపంచంలో నైలాన్ 11 ధర కదులుతుంది. పొలం బాగుంటేనే కర్మాగారం నడుస్తుంది.

రైతు వైపు నుంచి చూస్తే ఇంకో లెక్క. ఆముదం ధర ఊగిసలాడుతుంది. తినే నూనె కాదు కాబట్టి ఇంట్లో గిరాకీ లేదు. కొనేవాళ్లు కర్మాగారాలవాళ్లు, ఎక్కువగా విదేశాలవాళ్లు. అక్కడ ఆర్డర్లు తగ్గితే ఇక్కడ బస్తా ధర పడుతుంది. భారతదేశం నుంచి ఇప్పటికీ ఎక్కువగా పోయేది నూనె. ఆ నూనెను విరిచి, పిడికి ఇంకోటి తగిలించి, నైలానుగానో పరిమళంగానో మార్చే పనిలో పెద్ద భాగం బయటే జరుగుతోంది. నూనె ధరకూ నైలాన్ 11 ధరకూ మధ్య చాలా తేడా ఉంది. ఆ తేడా ఎక్కడ పని జరిగితే అక్కడ మిగులుతుంది. గుజరాత్‌లో కొన్ని కర్మాగారాలు ఇప్పటికే హైడ్రోజను ఎక్కించిన ఆముదం, గ్రీజుకు కావలసిన ఆమ్లం, కొంత సెబాసిక్ ఆమ్లం దాకా వచ్చాయి. హైదరాబాదు చుట్టూ మందుల పరిశ్రమ ఉంది. అణువుల్ని విరిచి కట్టడం ఎరిగిన మనుషులు వేలల్లో ఉన్నారు. వాళ్ల కర్మాగారాలకూ పాలమూరు చెల్కలకూ మధ్య దూరం బస్సులో మూడు గంటలు కూడా లేదు.

ఈ యాసంగిలో ఆముదం వేద్దామనుకునే రైతులు ముందు మూడు సంగతులు చూసుకోవాలి. మొదటిది, బోరులో జనవరి, ఫిబ్రవరి దాకా కనీసం తడి పెట్టే నీరు ఉందా. రెండోది, విత్తనం నమ్మకమైన చోటి నుంచి వచ్చిందా. పాలెం, రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రాల్లో అడిగితే మీ నేలకు ఏ రకమో, ఏ హైబ్రిడ్డో చెబుతారు. మూడోది, కొనేదెవరు, ఏ మార్కెట్‌లో, ఏ ధరకు అని విత్తక ముందే కనుక్కోవడం. గెలలన్నీ ఒకేసారి పండవు. పండినవి పండినట్టు విడతలుగా కోయాలి. కాబట్టి కోతకు కూలీల లెక్క కూడా ముందే వేసుకోవాలి.